అట్టచాటు మాట

రోలాండ్ టీగ్ వంటగది బల్ల దగ్గర చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడని, భార్య మార్లీన్ అన్న మాట అతని చెవిన పడిందే గానీ ఇంకా బుర్రకెక్కలేదని చెప్పి పోయినవారం ఆగాం. పాపం, వారం నుంచీ ఆ మనిషి ఆ చెంచా పట్టుకునే ఉన్నాడు. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని అతన్ని లేపుదాం.

టొలీడో ఫెర్రీమెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ చేతిలో బంతి ఉన్నప్పుడు ఏ ఎత్తు వెయ్యాలో చెప్పే కోచ్ రోలాండ్. జుట్టంతా నెరిసింది, మోకాళ్లు పోయాయి, ఈ ఉద్యోగం పోతే ఇంకోచోట పిలిచి ఇచ్చేవాడు లేడు. పైనున్న హెడ్ కోచ్ కెవన్ డఫ్రేన్, వయసులో కొడుకంతవాడు. ఒకప్పుడు రోలాండ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఈ ఏడు వీళ్లు ఏ ఎత్తు వేసినా ఎదుటివాళ్లకి ముందే తెలిసిపోతోంది. బంతి విసిరితే విసిరే చోట కాచుకుని ఉంటున్నారు, పట్టుకుని పరిగెత్తితే దారికి అడ్డం గోడ కట్టేస్తున్నారు. లోపలివాళ్లెవరో మన గుట్టు బయటికి చేరవేస్తున్నారని అందరూ అనుకున్నారు. వార్డెల్ క్రౌచ్ మీద వేలు పెట్టి చూపించింది మాత్రం రోలాండే. బంతి అందుకునేవాళ్లకి తర్ఫీదిచ్చే వార్డెల్, ఏ ఊళ్లో ఉద్యోగమొచ్చినా రోలాండ్ వెంటే వచ్చిన మనిషి. అతని బావమరిది వేరే టీమ్‌లో పనిచేస్తాడు, వార్డెల్ ఒకసారి వరండాలో గొంతు తగ్గించి ఫోన్ మాట్లాడాడు. సాక్ష్యమంటే ఇంతే. మర్నాడు కాపలావాడు పక్కన నడుస్తుండగా వార్డెల్ తన సామాను చేత్తో మోసుకుంటూ కార్ల దగ్గరికి వెళ్లిపోయాడు. వార్డెల్ పోయాక కూడా టీమ్ ఓడిపోతూనే ఉంది. నిన్న ఆదివారం మరీ అధ్వానంగా ఓడిపోయింది.

ఇక చెంచా దగ్గరికి వద్దాం.

"మళ్లీ చెప్పు," అన్నాడు రోలాండ్.

"ఏది?"

"ఇందాక అన్నది."

మార్లీన్ లోపల బంగాళదుంప కూరి చేసే పెరోగీల కోసం పిండి పిసుకుతోంది. చేతులు తుడుచుకోకుండానే వెనక్కి తిరిగింది. "నువ్వు ఎత్తులు రాసుకున్న ఆ ప్లాస్టిక్ అట్ట నోటికి అడ్డం పెట్టుకున్నావంటే బంతి గాల్లోకి వెళ్తుంది. పెట్టుకోలేదంటే ఎవడో ఒకడు బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతాడు. ఇందులో మళ్లీ చెప్పడానికేముంది? మా అక్కక్కూడా తెలుసు."

"మీ అక్కకి తెలుసా?"

"డోలరెస్‌కి ఆట తెలీదు పాపం, నేనే చెప్పా. ఆదివారం ఇక్కడ కూర్చునేవాళ్లం బిస్కెట్లు పందెం కాసుకుంటాం. పాసా, రన్నా అని. ఎప్పుడూ నేనే గెలుస్తా. కోచ్ పెళ్లాం కదా, ఆట ఒంటబట్టిందనుకుంటారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలీదనుకుంటానా? నీ చెయ్యే కదా అది."

రోలాండ్ చెంచా బల్ల మీద పెట్టాడు. లేచి ముందు గదిలోకి వెళ్లాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ కోచ్‌లు వారమంతా ఆట బొమ్మలు తిప్పి తిప్పి చూస్తారు, కళ్లు ఎర్రబడేదాకా చూస్తారు. అయితే అవి మనం ఇంట్లో చూసే బొమ్మలు కావు. స్టేడియం నెత్తిమీద పెట్టిన కెమెరా తీసినవి. మైదానంలో ఉన్నవాళ్లందరూ చీమల్లా కనిపిస్తారు. వరుసల్లో నిలబడ్డప్పుడు మొదలవుతుంది, ఈల ఊదగానే ఆగిపోతుంది. మధ్యలో కోచ్ మొహాలు, జనం కేకలు, ప్రకటనలు, ఏమీ ఉండవు. టీవీలో వచ్చేది బీరు తాగేవాళ్ల కోసం అని రోలాండ్ కుర్రకోచ్‌లకి చెబుతూ ఉండేవాడు. అతను ఉద్యోగంలో చేరాక తన టీమ్ ఆడిన ఆట టీవీలో చూసిన పాపాన పోలేదు. ఆఫీసులో మిగతావాళ్లూ అంతే. ఆదివారం నాడు మైదానం గట్టు మీద నిలబడ్డ రోలాండ్‌ని ఆ ఆఫీసులో ఏ ఒక్కరూ చూడలేదు. దేశంలో మిగతా అందరూ చూశారు.

మార్లీన్ రికార్డు చేసిన ఆట పెట్టింది. ఉడికిన బంగాళదుంపల గిన్నె ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. తెర మీద తన మొహం అంత పెద్దగా కనిపించేసరికి రోలాండ్‌కి ఇబ్బందిగా అనిపించింది. నెత్తి మీద హెడ్‌సెట్, చేతిలో భోజన హోటళ్లలో ఇచ్చే మెనూ అంత అట్ట. అట్ట పైకి లేచింది.

"పాస్," అంది మార్లీన్ తొక్క తీస్తూ.

పాసే.

"రన్."

రన్నే.

"పాస్. పాస్. ఇదిగో, ఇప్పుడు రన్."

ఆమె తెర వైపు సగం చూపు, దుంప వైపు సగం చూపు పెట్టి చెప్పుకుపోతోంది. ఒక్కసారైనా ఈవిడ జోస్యం తప్పితే బాగుండునని రోలాండ్ మనసులో కోరుకున్నాడు. కట్టుకున్నదాని ఓటమి కోసం అంతగా ఆశపడడం అతనికి అదే మొదలు. ఒకచోట నిజంగానే తప్పింది. పాస్ అంది, బంతి చెయ్యి వదల్లేదు. రోలాండ్‌కి ప్రాణం లేచొచ్చింది.

"అది లెక్కలోకి రాదు," అంది మార్లీన్. "మీవాడు విసరబోతూ కాలు జారి పడ్డాడు. చూడు కావాలంటే."

చూశాడు. నిజమే, విసరబోయి పడ్డాడు.

ఎందుకలా అవుతోందో కూడా అతనికి అర్థమైంది. పాస్ ఎత్తు పేరు చాంతాడంత ఉంటుంది. ఎవడెటు పరిగెత్తాలో, ఎవడెవడిని ఆపాలో అన్నీ వరసగా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చెవిలో హెడ్‌సెట్ ద్వారా చెప్పాలి. అట్ట అడ్డం పెట్టుకునేది దానికే. రన్ అయితే రెండు మాటలు. అట్ట ఎత్తేలోపే చెప్పడం అయిపోతుంది. పెదాలు చదివేవాళ్లకి భయపడి నోరు దాచుకుంటే, ఎదుటివాళ్లు పెదాల జోలికే పోలేదు. అట్ట లేచిందా లేదా, అంతే చూశారు.

ఇన్నేళ్లూ ఎందుకు కాలేదంటే, ఇన్నేళ్లూ అతను స్టేడియం పైన గాజుగదిలో కూర్చుని ఆడించాడు. ఎవరి కంటా పడలేదు. ఈ ఏడాదే కిందికి దిగాడు.

"అయితే వార్డెల్?" అంది మార్లీన్.

ఆ పేరు కోసమే భయపడుతున్నాడు. వార్డెల్ ఏ తప్పూ చెయ్యలేదు. తన చెయ్యి చేసిన పనికి తన స్నేహితుణ్ణి వీధిన పడేశాడు. 

"స్పోకేన్ వాళ్లు పిలిచారట కదా వాణ్ణి. డోలరెస్ చెప్పింది. ఒనీటా నా ఫోన్ ఎత్తడం మానేసింది," అంది మార్లీన్. ఒనీటా అంటే వార్డెల్ భార్య. ఈ ఇద్దరు ఆడవాళ్లూ ఊరూరూ కలిసి ఇళ్లు వెతుక్కున్నవాళ్లు.

"పిలిచారు. బంతి అందుకునేవాళ్లకి తర్ఫీదిచ్చే వాళ్ల కోచ్‌ని మధ్యలో తీసేశారు, మనిషి వెంటనే కావాలి. తీసుకునేముందు ఇవాళ నాకు ఫోన్ చేస్తానన్నాడు వాళ్ల హెడ్ కోచ్ రాస్క్."

"ఏం చెప్తావు?"

"ముందు కెవన్‌కి చెప్పాలి."

మార్లీన్ చేతిలో దుంప గిన్నెలో పెట్టేసింది. ఆమె పుట్టింది ఈ ఊళ్లోనే, నదికి ఆ పక్క వీధిలో. ఊళ్లు పట్టుకు తిరిగి తిరిగి, చివరికి అక్కచెల్లెళ్ల మధ్యకి వచ్చి పడ్డానని నిరుడే ఊపిరి పీల్చుకుంది. "సామాను సర్దుకునే అట్టపెట్టెలు గరాజ్‌లో అలాగే ఉంచాను," అంది. "పారెయ్యమన్నావు గానీ నాకు నమ్మకం కుదరలేదు." కోపంగా కాదు, బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది. రోలాండ్ కోటు తొడుక్కుని మంచులోకి వెళ్లిపోయాడు.

కెవన్ డఫ్రేన్ తలుపు దగ్గరేసుకుని కూర్చున్నాడు. ఆ ఆఫీసులో మిగతావాళ్ల ముందు రోలాండ్ అతన్ని "మీరు" అంటాడు, "కోచ్" అంటాడు. తలుపు మూసి ఉంటే మాత్రం పాత అలవాటు చొప్పున "నువ్వు" అనేస్తాడు. కెవన్ ఎక్కడైనా "మీరు" అనే అంటాడు. ఆ మర్యాదలో గౌరవం ఎంతో, దూరం ఎంతో రోలాండ్ ఎప్పుడూ తేల్చుకోలేకపోయాడు.

రోలాండ్ కూర్చోకుండానే అంతా చెప్పేశాడు. అట్ట సంగతి, టీవీ సంగతి, బిస్కెట్ల సంగతి. కెవన్ మొదట నవ్వబోయాడు. తర్వాత తన కంప్యూటర్లో టీవీవాళ్ల బొమ్మ వెతికి పెట్టుకుని, చాలాసేపు చూశాడు. చూస్తున్నకొద్దీ అతని మొహం తెల్లబడిపోయింది.

"ఇంకెవరికి తెలుసు?"

"మా ఆవిడకి. మా వదినకి. ఆదివారం మా ఇంట్లో కూర్చుని బిస్కెట్లు తినే ప్రతి ఒక్కరికీ."

"లీగ్‌లో?"

"మనతో ఆడినవాళ్లందరికీ తెలిసే ఉంటుంది. వాళ్లు చెప్పరు. ఎందుకు చెప్తారు?"

కెవన్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "మిమ్మల్ని గాజుగదిలోంచి కిందికి దింపింది నేను."

"అవును."

"అందరూ నోరు దాచుకుని మాట్లాడండని హుకుం జారీ చేసింది కూడా నేనే."

"అదీ నువ్వే. అయినా చెయ్యి నాది. నిన్ను అనడానికి రాలేదు కెవన్. వార్డెల్ కోసం వచ్చాను. వాడి మీద మచ్చ తీసెయ్యి. ఇవాళే, అందరికీ తెలిసేలా చెప్పు."

"ఇవాళ కుదరదు."

"ఎందుకు కుదరదు?"

కెవన్ లేచి తలుపు గట్టిగా పడిందో లేదో చూసి వచ్చాడు. ఈసారి కుర్చీలో కాకుండా బల్ల అంచు మీద, రోలాండ్‌కి దగ్గరగా కూర్చున్నాడు. "ఒక్కసారి ఆలోచించండి. ఎదుటివాళ్లు మీ అట్టని చూస్తారు. చూడనివ్వండి. వచ్చే ఆదివారం మీరు ఎప్పటిలాగే గట్టు మీద నిలబడతారు. హెడ్‌సెట్ పెట్టుకుంటారు, అట్ట ఎత్తుతారు, దించుతారు. ఎప్పుడెత్తాలో నేను సైగ చేస్తాను. మీ మైకు మాత్రం పనిచెయ్యదు. ఆటని పైనుంచి ఇంకొకరు నడుపుతారు. మీరు పాస్ అని చూపిస్తే వాళ్లు పాస్‌కి కాచుకుంటారు, మేం మధ్యలోంచి పరిగెత్తుకుపోతాం. ఇది గెలిస్తే ఈ ఏడుకి మనం బతికినట్టే. ఇద్దరం."

రోలాండ్‌కి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. "నన్ను దిష్టిబొమ్మలా నిలబెడతానంటావు."

"ఆ మాట నేననలేదు."

"చచ్చిన మైకులో ఏం మాట్లాడాలి? పాట పాడుకోమంటావా?"

"మీ ఇష్టం. పెదాలు కదిలితే చాలు."

ఈ కెవన్‌కి మొదటిరోజు కాగితం మీద ఆటగాళ్ల గుర్తులు ఎలా వెయ్యాలో నేర్పింది రోలాండ్. గీత వంకర పోతే మళ్లీ గీయించేవాడు. ఆ కుర్రాడే ఇప్పుడు పెదాలు కదిపితే చాలంటున్నాడు. రోలాండ్‌కి కోపం రావాల్సింది. రాలేదు. ఎత్తు బాగుందనిపించింది. తను పన్నినా ఇంతకంటే బాగా పన్నలేడు.

"వార్డెల్ సంగతి?" అన్నాడు మళ్లీ.

"ఆదివారం ఆట అయ్యాక చెప్దాం. ఇప్పుడు వాడిది తప్పు కాదని చెబితే, మరి ఎవరిదని అడుగుతారు. మీ అట్టదని చెప్పాలి. ఆ మాట సాయంత్రానికల్లా లీగంతా పాకిపోతుంది. ఇంక ఆదివారం మీరు అట్ట ఎత్తితే ఎవరు నమ్ముతారు?"

"రాస్క్ ఇవాళే ఫోన్ చేస్తాడు. వాడికి మనిషి ఇవాళ కావాలి. ఆదివారం దాకా ఆగడు."

"రాస్క్‌కి ఏం చెప్పాలో మీకు నేను నేర్పాలా? వార్డెల్ పనిమంతుడు, మిగతా విషయం మాట్లాడలేను అనండి. అబద్ధం ఆడక్కర్లేదు."

అబద్ధం ఆడక్కర్లేదు, నిజమే. ఈ వృత్తిలో అదొక రివాజు. ఒకరి గురించి ఇంకొకరు ఫోన్‌లో అడిగినప్పుడు చెడు చెప్పరు. పనిమంతుడు అని ఊరుకుంటారు. మిగతాది మాట్లాడలేనంటే, వాణ్ణి గడప తొక్కనివ్వొద్దని అర్థం. అలా ఒక్క చెడ్డమాట కూడా అనకుండా ఎంతమంది కడుపులు కొట్టారో ఆ పెద్దమనుషులకే తెలియాలి. రోలాండ్ తన కాలంలో అలాంటి ఫోన్లు తనూ మాట్లాడాడు.

"ఒప్పుకోకపోతే?"

"మీరు ఇంటికెళ్లొచ్చు. నేను ఆపను. అయితే రోలాండ్, ఒకటి చెప్పనా? ఈ కథ బయటికొస్తే మీకు ఇంకోచోట పని దొరకదు. మీరు చేసిన మంచి పని ఎవరికీ గుర్తుండదు. పెళ్లాం దుంపలు ఒలుస్తూ కనిపెట్టేసిన ఎత్తుల కోచ్ అని నవ్వుకుంటారు. బార్లలో చెప్పుకుంటారు. మీరు పోయాక కూడా చెప్పుకుంటారు."

కెవన్ కావాలని గాయపరచలేదు. ఉన్నదే చెప్పాడు. రోలాండ్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఖాళీ మైదానం మీద మంచు తోసే బండి తిరుగుతోంది. ఇన్నేళ్ల పని, ఇన్ని ఊళ్లు, మార్లీన్ మార్చిన ఇన్ని వంటగదులు, అన్నీ కలిసి చివరికి ఒక నవ్వులాటకి వచ్చి ఆగాయని అతనికి స్పష్టంగా తెలిసింది. ఆదివారం గెలిచినా గెలిచింది తను కాదు. ఓడినా ఓడింది తను కాదు. ఎటు చూసినా అతను లేడు.

అయినా ఒప్పుకున్నాడు. మీకు కోపం రావచ్చు, నాకూ వచ్చింది. కానీ అరవై దాటిన మనిషి, ఈ ఒక్క పని తప్ప ఇంకేదీ చేతకాని మనిషి, ఇంకో ఆదివారం గట్టు మీద నిలబడనిస్తామంటే చచ్చిన మైకుతోనైనా నిలబడతాడు. "సరే," అన్నాడు, ఆ ఒక్క మాటే.

కెవన్ అతని భుజం తట్టాడు. అప్పుడే రోలాండ్ జేబులో ఫోన్ మోగింది.

నోబుల్ రాస్క్. స్పోకేన్ హెడ్ కోచ్.

"ఇక్కడే మాట్లాడండి," అన్నాడు కెవన్. అడిగినట్టు లేదు.

రోలాండ్ ఎత్తాడు.

"ఏమయ్యా రోలాండ్, బతికే ఉన్నావా?" రాస్క్ గొంతు ఎప్పుడూ బొంగురే. "నిన్నటి ఆట చూశాను. చూడకపోతే బాగుండేది."

"నాకూ అలాగే ఉంది."

"సరే, సూటిగా అడుగుతాను. వార్డెల్ క్రౌచ్ ఎలాంటివాడు?"

"పనిమంతుడు," అన్నాడు రోలాండ్.

అవతల రాస్క్ ఎదురుచూస్తున్నాడు. ఇవతల కెవన్ ఎదురుచూస్తున్నాడు. రెండో ముక్క నాలుక చివర సిద్ధంగా ఉంది. ఒకసారి అనేస్తే అయిపోతుంది. అబద్ధం కాదు, ఎవరూ తప్పుపట్టరు. వార్డెల్‌కి కూడా ఎవరు ముంచారో తెలియదు. ఆ చివరి సంగతి తోచేసరికి రోలాండ్‌కి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"పనిమంతుడు," అన్నాడు మళ్లీ. "నిజాయితీపరుడు. మా గుట్టు బయటపెట్టింది వాడు కాదు. నేను. విను నోబుల్, సరిగ్గా విను. నేను పాస్ చెప్పేటప్పుడు అట్ట నోటికి అడ్డం పెట్టుకుంటాను. రన్‌కి పెట్టుకోను. ఈ ఏడంతా అదే చేశాను. టీవీ పెట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది. వాడి మీద నింద వేసిందీ నేనే. వాణ్ణి తీసుకో."

కెవన్ బల్ల మీంచి దిగి, తన కుర్చీలోకి వెళ్లి కూర్చుని, రోలాండ్ వైపు చూడడం మానేశాడు. రోలాండ్ ఉద్యోగం అయిపోయిందని ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆదివారం ఎత్తు చచ్చిపోయింది. వెయ్యకముందే చచ్చిపోయింది. అట్టపెట్టెలు దించమని మార్లీన్‌కి చెప్పాలి. అయినా రోలాండ్‌కి ఒళ్లు కొంచెం తేలికైంది. ఈ ఏడు మొత్తంలో తను చేసిన సరైన పని ఇదొక్కటే అనుకున్నాడు.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"నోబుల్? ఉన్నావా?"

"ఉన్నాను." రాస్క్ గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు. "నువ్వు చెప్పేది నాకు అర్థం కావట్లేదు రోలాండ్. వార్డెల్ పొద్దున్నే వచ్చాడు. ఇదే గదిలో, నా ఎదురుగా కూర్చున్నాడు. నేనింకా ఏమీ అడగనేలేదు. మీ ఎత్తులు బయటికి చెప్పింది తనేనని తనంతట తనే ఒప్పుకున్నాడు. ఎవరికి చెప్పాడో, ఎన్నాళ్లుగా చెప్పాడో అన్నీ చెప్పాడు. ఏడ్చాడు కూడా."

రోలాండ్ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"మీరిద్దరూ కూడబలుక్కున్నారా, లేకపోతే ఒకడి కోసం ఇంకొకడు అబద్ధమాడుతున్నాడా?" అన్నాడు రాస్క్. "అబద్ధమాడేది నువ్వా, వాడా?"